అందిన తారీఖు

మా మేనత్త అధ్యక్ష భవనంలో ఇరవై రెండేళ్లు పనిచేసింది. బయటినుంచి వచ్చిన ప్రతి కాగితం మీదా అందిన తారీఖు ముద్ర కొట్టి, రిజిస్టరులో ఎక్కించడం ఆమె ఉద్యోగం. కిటికీ లేని గది. నలుగురు అధ్యక్షుల్ని చూసింది. ఒక్కరిమీదా గౌరవం కలగలేదు. జనం నేరుగా ఓటేశారన్న గాలికి ఉబ్బిపోతారనేది. మంత్రుల్నయితే మనుషుల కిందే లెక్కగట్టేది కాదు. వాళ్లకు ఓటేసినవాడు లేడు. అధ్యక్షుడు తెచ్చుకుంటే వచ్చి, పొమ్మంటే పోయేవాళ్లు. ఆయన దగ్గితే వీళ్లు గొంతు సవరించుకునేవాళ్లట.

నాలుగో అధ్యక్షుడి బావమరిది దేశంలో సగం రోడ్లు వేసేవాడు. వాన పడకముందే వాటికి గుంతలు పడేవి. చివరికి చట్టసభకు సిగ్గేసి, అధ్యక్షుడి చుట్టాలకు ప్రభుత్వ కాంట్రాక్టులు ఇవ్వకూడదని బిల్లు నెగ్గించింది. ఆయన్ని సభ ఊరికే దించడానికి లేదు, సభను ఆయన రద్దు చేయడానికీ లేదు. ఎవరి గడువు వాళ్లది. బిల్లు అందిన పదిరోజుల్లో ఆయన సంతకమైనా పెట్టాలి, తిప్పైనా పంపాలి. తిప్పి పంపితే సభ మూడింట రెండు వంతుల ఓట్లతో మళ్లీ నెగ్గించుకోవచ్చు. ఏదీ చేయకపోతే పదకొండో రోజున అదే చట్టమవుతుంది. ఈలోపు సభ సమావేశాలు ముగిస్తే మాత్రం బిల్లు చచ్చినట్టే.

సంతకం పెడితే ఇంట్లో భార్య బతకనివ్వదు. తిప్పి పంపితే ఎన్నికల ముందు పరువు పోతుంది. ఆ మహానుభావుడు జలుబు చేసిందని ముసుగు తన్నాడు. లేచేసరికి పదిరోజులూ గడిచిపోయాయి. సమావేశాలు ముగియడానికి ఇంకా మూడు రోజులున్నాయి.

పదకొండో రోజు పొద్దున్నే ఆయన కార్యదర్శి అత్త గదికి దిగి వచ్చాడు. అంత పెద్ద అధికారి అక్కడ కుర్చీ లాక్కుని కూర్చోవడం అదే మొదలు.

"ఆ బిల్లు మనకి నిన్నే కదమ్మా అందింది? తారీఖు కాస్త సరిచేయండి. గడువు నిండేలోపే సభ ముగిసిపోతుంది."

"నిన్న కాదండి. మీ ప్యూనే సంతకం పెట్టి తీసుకెళ్లాడు."

"పెద్దాయన మాట ఇది."

"ఆయన్ని కోటిమంది గెలిపించింది తారీఖులు మార్చడానికి కాదు కదండీ. అంతగా కావాలంటే ఆయన్నే వచ్చి దిద్దుకోమనండి. పెన్ను నేనిస్తా."

సాయంత్రానికల్లా అత్తను విరిగిన కుర్చీల గోదాముకు బదిలీ చేశారు. తారీఖు ఇంకెవరో దిద్దారు. అదీ వేరే రంగు ఇంకుతో. దొంగపనైనా శుభ్రంగా చేయడం చేతకాలేదు.

సభ్యురాలొకామె కోర్టుకెక్కింది. న్యాయమూర్తి రిజిస్టరు తెప్పించి, అత్తను పిలిపించాడు. ముద్ర తనదేననీ, దిద్దుడు తనది కాదనీ ఆమె చెప్పింది. బిల్లు చట్టమైపోయినట్టేనని తీర్పు వచ్చింది. నెల తిరక్కుండా బావమరిది తన వంటవాడి పేరుమీద కంపెనీ పెట్టాడు.

సభవాళ్లు అత్తకు సన్మానం చేస్తామన్నారు. ఓటింగు రోజున వాళ్లలో సగంమంది క్యాంటీన్‌లో నక్కి కూర్చున్న సంగతి ఆమెకు తెలుసు. వెళ్లలేదు.

ఎన్నికల్లో ఆయన ఓడిపోయాడు. కొత్త అధ్యక్షుడు మంత్రుల జాబితా పంపితే, అందులో ఆ కార్యదర్శి పేరుంది. అదే సభ చప్పట్లు కొట్టి మరీ ఆమోదించింది.

ఉద్యోగం మానేయమని నేను చెప్పాను. అత్త అదోలా చూసింది.

"నేనెందుకు మానాలిరా? సిగ్గుపడాల్సింది నేనా?"

ఇంకో రెండేళ్లు ఆ గోదాములోనే పనిచేసి, పూర్తి పెన్షన్‌తో దిగిపోయింది.