తిట్లు దిద్దిన ఎమ్మెల్యే

మా మాజీ ఎమ్మెల్యే పోయారన్న వార్త నాకు నల్లగొండలో, ప్రింటింగ్ ప్రెస్సులో తెలిసింది. ఇప్పుడున్న ఎమ్మెల్యే మీద కొత్త కరపత్రం వేయించడానికి పోయాను. ప్రెస్ యజమాని ఫోను పెట్టేసి నా వైపు చూశాడు.

"తమ్మీ, నీ ప్రూఫ్‌రీడర్ పోయిండంట. పొద్దుగాల, దవాఖానల."

రాసిన కాగితం మడిచి జేబులో పెట్టుకుని బస్సెక్కాను. దారి పొడుగునా కోపమే వచ్చింది. ఏడవాల్సిన చోట నాకు కోపమే వస్తుంది, ఏం చేయను?

ఆయన గొర్లు కాసే ఇంట్లో పుట్టి మూడుసార్లు గెలిచిన మనిషి. అసెంబ్లీలో పెద్దగా మాట్లాడింది లేదు. అడిగితే, "ఆడ మైకు ఇస్తరు, పని ఇయ్యరు. పని వరండాలల్ల దొరుకుతది" అనేవారు.

మా ఊరికి పశువుల దవాఖాన తెచ్చింది ఆయనే. భవనం వచ్చింది, డాక్టర్ రాలేదు. అయినా దాన్ని రెండుసార్లు ప్రారంభించారు. ఒకసారి ఒక పార్టీలో ఉండి, పార్టీ మారాక మళ్లీ ఒకసారి. రెండోసారి నేను గుంపులోంచి అరిచాను.

"ఒక్క దవాఖానకు ఎన్నిసార్లు రిబ్బన్ కత్తిరిస్తరు సారూ?"

ఆయన కత్తెర పట్టుకునే తిరిగి చూశారు. "గొర్రెకు ఏడాదికి రెండుమార్లు ఉన్ని కత్తిరిస్తలేమా బిడ్డా?"

ఊరంతా నవ్వింది. మా బాపు కూడా నవ్వాడు. అది నాకు ఇంకా మండింది. ఎందుకంటే వానాకాలం వస్తే మూతులు వాచి చచ్చేవి మా బాపు గొర్లే. ఆ ఏడాది ఏడు పోయాయి. అందులో రెండు, తాళం వేసిన ఆ దవాఖాన అరుగు మీదే పోయాయి.

బస్టాండులో దొరికినవీ, మీటింగుల్లో పంచినవీ, మిర్చీల పొట్లం విప్పితే వచ్చినవీ, అన్ని కరపత్రాలూ చదివిన జ్ఞానంతో నేనూ ఒకటి రాశాను. 'ప్రజాద్రోహి' అన్న మాట ఎనిమిది చోట్ల పెట్టాను. పంచిన మూడోనాడు ఆయన జీపు మా ఇంటి ముందు ఆగింది. బాపు గాబరాగా మంచం వాల్చాడు. ఆయన చాయ్ తాగి, జేబులోంచి నా కరపత్రం తీశారు. దాని నిండా ఎర్రపెన్ను గీతలు.

"గీ ప్రజాద్రోహి ఒక్కపారి సాలు బిడ్డా. గన్నిసార్లు రాస్తే సచివాలయంల నవ్వుతరు. ఎవలెవలి గొర్లు సచ్చినయో పేర్లేవి?"

"అది మిమ్ముల తిట్టిన కాగితం సార్!"

"ఎరుకే. మంచిగనే తిట్టినవ్. ఇగ పనికొచ్చేటట్టు తిట్టు."

తర్వాత తెలిసింది. ఆ కాగితం పట్టుకుని ఆఫీసర్ల గదులన్నీ తిరిగారట. "సూడున్రి, నా బతుకు గిట్లయింది. డాక్టర్ను ఇయ్యకుంటే నన్ను ఊర్లకు రానియ్యరు" అని చూపించారట. నా విప్లవం ఆయన అర్జీకి జత కాగితమైంది! ఇక రాయనని ఒట్టు పెట్టుకున్నాను.

మళ్లీ వానలు పడ్డాయి. డాక్టర్ రాలేదు గానీ ఆయన వచ్చారు.

"ఏందిరా, తిట్టుడు బంద్ వెట్టినవ్?"

"మీ కోసం నేను రాయ సార్."

అప్పుడు మాత్రం ఆయన నవ్వలేదు. "నా కోసం ఎవడు రాయమన్నడు? మీ బాపు దొడ్డికాడికెళ్లే వస్తున్న. రెండింటికి మూతులు వాసినయ్. నీ కోపం పెద్దదా, మీ బాపు మంద పెద్దదా?"

అక్కడే కూర్చుని రాశాను. ఆయన పక్కనే కూర్చుని చదివారు. 'రెండుసార్లు పార్టీ మారిన' అన్న చోట పెన్ను ఆపారు. "రెండు గాదు, మూడు. ఒక్కటి తప్పు రాస్తే మొత్తం అబద్ధమంటరు."

నెల తిరగకముందే డాక్టరమ్మ వచ్చింది. ఎన్నికలూ వచ్చాయి. ఎదుటి పార్టీవాళ్లు ఆ కరపత్రాన్నే, ఆయన దిద్దిన అక్షరం పొల్లుపోకుండా, మళ్లీ అచ్చు వేయించి ఇంటింటికీ పంచారు. ఆయన ఓడిపోయారు.

తల వంచుకుని ఆయన ఇంటికి పోయాను. ఆయన కళ్లజోడు తుడుచుకుంటూ, "గంత మంచిగ రాస్తిమి, ఎవడు గెల్వడు మరి?" అన్నారు. ఆ తర్వాత, "మందకు సూదులేసిండ్రా?" అని అడిగారు. వేశారని చెప్పాను. "ఇగ తిను, పా" అని లోపలికి తీసుకుపోయారు.

ఆయన భౌతికకాయాన్ని సొంతూరికి మా ఊరి మీదుగానే తీసుకుపోయారు. నల్లగొండ నుంచి వచ్చి నేను బస్సు దిగేసరికి పశువుల దవాఖాన ముందు రోడ్డంతా గొర్లూ మేకలే. ఆ రోజు సూదులు వేసే రోజు. ఆపేద్దామా అని డాక్టరమ్మ అడిగింది.

"ఆపకు డాక్టరమ్మా" అన్నాడు బాపు. "ఆపితే ఆయన లేసొచ్చి తిడుతడు."

పూలతో కప్పిన బండి వచ్చి మంద మధ్యలో ఆగిపోయింది. ఎవరూ హారన్ కొట్టలేదు. సూది అయిన జీవానికల్లా నుదుట నీలిరంగు చుక్క పెడుతున్నారు. ఒక చుక్కల మేక వెనక కాళ్ల మీద లేచి, బండికి వేలాడుతున్న బంతిపూల దండ అందుకుని, తీరిగ్గా నమలడం మొదలుపెట్టింది. అదిలించడానికి ఎవరూ చెయ్యి ఎత్తలేదు. అది తినడం అయ్యేదాకా బండి అక్కడే ఆగింది.