బంపరు కింద అద్దం

పళ్ళ డాక్టరు గారు సాయంత్రం కారు దిగగానే ఇంట్లోకి వెళ్ళరు. ముందు మునిగాళ్ళ మీద కూర్చుని, తెల్లకోటు జేబులోంచి పొడుగు కాడ ఉన్న చిన్న అద్దం తీసి, నోట్లో పెట్టినంత జాగ్రత్తగా బంపరు కిందికి పోనిస్తారు. అది పాత అద్దం లెండి, రోగులకి వాడేది వేరే ఉంది. ఆ కారు ముందు భాగం నేలకి జానెడు ఎత్తు కూడా ఉండదు. అడుగునున్న నల్ల ప్లాస్టిక్ పట్టీ పార్కింగు చివరి సిమెంటు గట్టుకి తగిలి గర్రుమంటే ఆయన పళ్ళు జివ్వుమంటాయి. కొత్త గీత కనబడిందంటే, అప్పుడప్పుడు ఆ కారు నడిపే భార్యని పిలిచి, "ఇది నీ పనే" అంటారు. "గట్టు ఎత్తుగా ఉందండీ" అంటుందావిడ. "గట్టు లేచొచ్చి గుద్దిందా?" అంటారాయన, రోగిని మిఠాయిలు మానెయ్యమనే గొంతుతోనే.

మొన్న ఆవిడ వారం రోజులు అక్కగారింట్లో ఉండి, బస్సులో తిరిగొచ్చింది. ఆ సాయంత్రం డాక్టరు గారు కారు దిగి, వంగి చూడకుండానే గబగబా మెట్లవైపు నడిచారు. ఆవిడ ఎదురొచ్చి, ఆయన జేబులోంచి అద్దం తీసుకుని వంగి చూసింది. పట్టీ కొత్తదానిలా నిగనిగలాడుతోంది. వేలితో రాస్తే బూటు పాలిష్ అంటుకుంది. దాని కింద బెత్తెడు పొడవున తెల్లటి గీత.

"ఇదెవరి పనండీ?"

ఆయన గట్టు వైపు చూశారు.

"మరీ ఎత్తుగా కట్టారు దీన్ని," అన్నారు.

ఆవిడ నల్లటి వేలిని ఆయన తెల్లకోటుకి నిదానంగా తుడుచుకుని, లోపలికి వెళ్ళింది.