నాయనమ్మ చేట మీద నా కన్ను

నా చిన్నప్పుడు నా ఎడమకన్ను ముక్కువైపు తిరిగి ఉండేది. తెల్లదొరల రోజులవి. మా అనంతగిరి కొండ దిగి, మైదానంలోని ఆసుపత్రికి మా నాన్న నన్ను నడిపించుకెళ్లాడు. డాక్టరు కంటి కండరం కోసి, వెనక్కి జరిపి కుట్టాడు. కన్ను చక్కగా నిలబడింది. ఊరంతా మెచ్చుకుంటే మా నాన్న మురిసిపోయాడు.

నెల తిరక్కుండానే ఆ కంట్లో మెరుపులు మొదలయ్యాయి. తర్వాత మసి తేలింది. ఆపైన ఎడమపక్క నుంచి నల్లగా కమ్ముకొచ్చింది. చెబితే మా నాన్న నమ్మలేదు. సామచేలో పిట్టలు తోలడానికి బద్ధకించి వేషాలేస్తున్నానన్నాడు. ఎంత ఉక్రోషం వచ్చిందో నాకు! రెండు పూటలు అంబలి ముట్టలేదు.

మా నాయనమ్మ నన్ను తిట్టలేదు, ఓదార్చనూ లేదు. చేటను గోడకు ఆనించి, మధ్యలో సున్నంబొట్టు పెట్టి, నా కుడికంటికి గుడ్డ కట్టింది. బొట్టు మీంచి చూపు తిప్పొద్దంది. పుల్లకు గుచ్చిన వలిసెపువ్వును చేట మీద అన్నివైపులా జరుపుతూ, కనిపించలేదన్న చోటల్లా బొగ్గుతో గీసింది. మహా గడుసుది, మధ్యమధ్య ఒట్టి పుల్ల పెట్టి కూడా పువ్వుందా అని అడిగింది. మర్నాడు చేట తిరగేసి మళ్లీ అదే పని చేసింది. రెండువైపులా ఎడమ సగమే నల్లబడింది.

వెంటనే ప్రయాణం కట్టింది. మా నాన్న గొణుగుతూనే వెంట వచ్చాడు.

డాక్టరు పైపైన చూసి, కుట్టు మానింది, కన్ను బాగుంది, ఇక వెళ్లమన్నాడు. మా నాయనమ్మ కదల్లేదు. చేట తీసి ఆయన బల్ల మీద పెట్టింది.

"కన్ను సక్కబెట్టినావు బాబూ, కాదన్ను. ఈ నలుపేటో సూసి సెప్పు. సెప్పేదాకా నాను ఎల్లను."

ఆయన మొదట నవ్వాడు. తర్వాత కంట్లో చుక్కలు వేసి, అద్దంతో వెలుగు కొట్టి చాలాసేపు చూశాడు. అప్పుడిక నవ్వలేదు. కుట్టేటప్పుడు తన సూది లోతుగా దిగి ఉంటుందని, కంటి లోపలి చూపు పొర ఊడివస్తోందని ఒప్పుకున్నాడు. దాన్ని అతికించే వైద్యం తనకు తెలియదన్నాడు. గంతలు కట్టి, కదలకుండా పడుకోబెట్టి చూద్దామన్నాడు.

మా నాయనమ్మ కళ్లు తుడుచుకుంది. వరండాలో కూర్చున్న మా నాన్నను చూపించింది.

"ఈ పిల్లగుంట అబద్ధమాడలేదని ఆడికి నువ్వే సెప్పు."

డాక్టరు లేచి వెళ్లి చెప్పాడు. మా నాన్న నా ముందు తల వంచుకున్నాడు.

పొర అతుక్కోలేదు, ఆ కన్ను పోయింది. ఆ కోపం నాకింకా ఉంది, ఉండనీ. మిగిలిన కంటితోనే ఇన్నేళ్లు నెట్టుకొచ్చాను. ఇప్పటికీ ఏ డాక్టరైనా నా మాట పూర్తిగా వినకుండానే 'ఏమీ లేదు, వెళ్లు' అంటే నేను లేవను. కుర్చీలో ఇంకాస్త సర్దుకుని కూర్చుంటాను.