రైలు దగ్గరికి వెళ్ళిన ఊరు

కలీనా ఊరిని రైలు లెక్కచేయలేదు. పట్టాలు వేసేవాళ్ళు ఊరికి అయిదు మైళ్ళ అవతల నుంచి పోయారు. గోధుమలు బండ్లకెత్తి అంతదూరం తోలేకంటే ఊరినే తీసుకుపోదామనుకున్నారు జనం. కెనడాలోని సస్కాచెవాన్‌లో మంచు గట్టిపడ్డాక అదేమంత వింత కాదు. ఇళ్ళ కింద దుంగలు దూర్చి, గుర్రాలు కట్టి లాగారు. ముందు కొట్టు కదిలింది, ఆ తర్వాత చర్చి, ఆ వెనక కమ్మరి కొలిమి.

చివరికి తెక్లా ఇల్లు మిగిలింది.

"పొయ్యి ఆర్పకు. లోపలే కూర్చుని రొట్టెలు కాల్చుకుంటూ రా. అందరాడాళ్ళూ అట్లాగే వచ్చారు," అన్నాడు మొగుడు ప్రోకిప్.

"నేను రాను."

"ఇల్లు వస్తుంటే నువ్వు రాకపోవడమేంటే?"

తెక్లా మడుగు పక్కనున్న శ్మశానం వైపు చూసింది. ఆకులు రాలే రోజుల్లో గొంతువాపు జ్వరంతో పోయిన మూడేళ్ళ ఒలెన్కా అక్కడే ఉంది.

"దాన్నొక్కదాన్నీ వదిలేసి ఎట్టా రమ్మంటావు?"

ప్రోకిప్ గుర్రపు పగ్గం సర్దాడు. పక్కింటి యవ్దోఖా వచ్చి తెక్లా చెయ్యి పట్టుకుంది.

"ఒక్కతేంటి వదినా? మా అత్త కూడా అక్కడే ఉందిగా. బతికున్నప్పుడు నన్నే ఓ ఘడియ వదల్లేదు, పసిదాన్ని వదుల్తుందా?"

తెక్లాకి నవ్వొచ్చింది. నవ్వుతూనే ఏడ్చింది. ఏడుస్తూనే పిండి కలిపింది.

మొదటి రొట్టె కాలేసరికి ఇల్లు శ్మశానం పక్కగా పోతోంది. ఆపమని కేకేసి దిగింది. పొగలు కక్కే రొట్టె సమాధి మీద పెట్టింది. దాని కింద మంచు కరిగి చిన్న గుంట పడింది. గుర్రాలు తోలేవాళ్ళు టోపీలు తీసి నిలబడ్డారు.

కొత్తచోట మంచు కరిగేలోపే రైలుకెక్కించే ధాన్యం నిలవచేసే ఎత్తైన గాదె, ఎలివేటర్, లేచింది. ఊరి పెద్దలు కొత్త శ్మశానానికి నేల కొలిచి తెల్ల కంచె వేశారు. అది చూసినప్పటి నుంచి తెక్లాకి అన్నం సహించలేదు. వాళ్ళ ఆచారం ప్రకారం ఈస్టర్ తర్వాతి ఆదివారం చనిపోయినవాళ్ళ సమాధుల దగ్గర కూర్చుని తినాలి, ఫాదర్ ఒక్కొక్కరి పేరూ పాడాలి. ఇక ఆ పాట ఇక్కడే పాడతారు కాబోలు. పాత మడుగు దాకా ఎవరు పోతారు? తన పిల్ల పేరు ఎవరు పిలుస్తారు?

ఆ ఆదివారం ఫాదర్ రైల్లో వచ్చాడు. సాయంత్రం బండికే తిరిగి పోవాలి. ఊరంతా రంగు గుడ్లూ, తీపి రొట్టెలూ పట్టుకుని కొత్త కంచె లోపల నిలబడింది. ఆయన పుస్తకం తెరిచి చుట్టూ చూశాడు. ఒక్క సమాధీ లేదు.

"ఎవరి పేరు పాడమంటారయ్యా?"

అందరూ కాళ్ళకేసి చూసుకున్నారు. కంచె వేశారు గానీ, అందులోకి ఇంకా ఎవరూ రాలేదన్న సంగతి ఎవరికీ తట్టలేదు.

"మా అత్త కోసం తెచ్చిన గుడ్లు ఈ ఉత్త నేలకి పెట్టానంటే, ఆవిడ నాకు పీడకలై వస్తుంది," అంది యవ్దోఖా.

"బండ్లు కట్టండి," అన్నాడు ప్రోకిప్.

"మరి నా రైలు?"

"రేపు కూడా వస్తుంది ఫాదర్. ఇవాళ మా ఇంట్లో పడుకుందురు గాని."

పాతచోట ఫాదర్ మొదట ఒలెన్కా పేరే పాడాడు. తెక్లా గుడ్డు వొలిచి సగం తను తిని, సగం మట్టి మీద చిదిపింది. మర్నాడు పార పట్టుకుని కొత్త పెరట్లో బంగాళాదుంపల మడి తవ్వింది.

ఊరు పెరిగింది. బడి, బ్యాంకు, మంచు మీద జారి ఆడుకునే షెడ్డు, మరో రెండు ఎలివేటర్లు వచ్చాయి. తెల్ల కంచె లోపలా మనుషులు చేరారు. చాలా ఏళ్ళకి రైలు ఆగిపోయి పట్టాలు పీకేశాక ఊళ్ళో నాలుగిళ్ళే మిగిలాయి. అయినా ఆ ఆదివారం ఎక్కడెక్కడి నుంచో కార్లు ముందు మడుగు దగ్గరికే వస్తాయి. మొదట పాడేది ఇప్పటికీ ఒలెన్కా పేరే, దాని వెనకే తెక్లా పేరు. ఆ పిల్లని చూసినవాళ్ళు మాత్రం ఇప్పుడెవరూ లేరు.