రౌటరుకి పెట్టిన పేరు

ఆ వీధిలో ఆమెని అందరూ మిషనక్క అంటారు. కుట్టమని బట్ట చేతికిస్తే చాలు, మనిషి కొలతలు కళ్ళతోనే తీసేస్తుంది. నోరు కూడా కత్తెరంత పదును. రెండో అంతస్తులో ఆమె ముందుగది నిండా బట్ట ముక్కలు, దారపు కండెలు, గాల్లో తేలే నూగు. ఆ నూగు చేరని చోటు ఇనుప బీరువా ఒక్కటే. అందుకని ఇంటర్నెట్ పెట్టించుకోగానే రౌటరుని బీరువాలో పెట్టి తాళం వేసింది. వైర్ల కోసం వెనక రేకుకి చిల్లు కూడా కొట్టించింది. అంత జాగ్రత్త గల మనిషి.

కొత్త కటింగులన్నీ ఫోన్లో వీడియోలు చూసి నేర్చుకుంటుంది. అవి ఏనాడూ సరిగ్గా నడిచింది లేదు. చంక దగ్గర కత్తెర ఎలా తిప్పాలో చెప్పబోయేసరికి బొమ్మ ఆగిపోయి చక్రం తిరుగుతూ ఉండేది. ఎవరో తన లైను దొంగతనంగా వాడుతున్నారని ఆమెకి అనుమానం వచ్చింది. అనుమానం వచ్చాక మనిషి దొరకడం ఎంతసేపు? పై అంతస్తు నర్సు డ్యూటీ నుంచి వస్తూ రోజూ ఆమె గుమ్మం ముందు మెట్టు మీదే కూర్చుని ఫోన్ చూసుకుంటుంది. ఇంకేం కావాలి!

కంప్యూటర్ల పని చేసే తమ్ముడికి ఫోన్ చేసింది.

"రౌటరు అడుగున కాగితం అంటించి ఉంటుందక్కా. దాని మీదున్న నంబర్లు బ్రౌజర్లో కొట్టు. లోపలికెళ్ళే పేరు, పాస్‌వర్డ్ కూడా అక్కడే ఉంటాయి. వెళ్ళి వైఫై పాస్‌వర్డ్ మార్చెయ్, సరిపోతుంది" అన్నాడు.

వెళ్ళింది. అయితే పాస్‌వర్డ్ మారిస్తే దొంగ నోరుమూసుకుని పోతుంది తప్ప బుద్ధి రాదు కదా అనుకుంది. పైన వైఫై పేరు రాసే గడి కనిపించింది. ఆ పేరు తన లైను వాడేవాళ్ళకే కనిపిస్తుందని ఆమె లెక్క. పాత పేరు చెరిపేసి, ఇంగ్లీషు అక్షరాల్లో "నర్సూ దొంగతనం ఆపు" అని కొట్టి సేవ్ నొక్కింది. కడుపు చల్లబడింది.

ఆ వారం మెట్ల మీద నర్సు కనపడలేదు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకుందని మిషనక్క లోలోపల నవ్వుకుంది. వీడియోలు మాత్రం ఎప్పటిలాగే ఆగుతూనే ఉన్నాయి. ఆ సంగతి ఆలోచించాలని ఆమెకి తోచలేదు.

ఒక మధ్యాహ్నం నర్సు వచ్చింది, బిగుతైన యూనిఫాం వదులు చేయించుకునే నెపంతో. కూర్చోగానే కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"అక్కా, ఎవరో వైఫైకి ఇలాంటి పేరు పెట్టారు. బిల్డింగులో ఏ ఫోన్ తెరిచినా ఇదే కనిపిస్తోంది. కింద పోర్షన్ ఆవిడ నేనొస్తుంటే ఆరేసిన బట్టలు తీసి లోపల పెట్టుకుంటోంది. ఓనరమ్మ నా దగ్గరున్న డాబా తాళంచెవి వెనక్కి ఇచ్చేయమంది. నేనేం తీశానక్కా ఎవరిదైనా? నీకు ఇవన్నీ తెలుసు కదా, ఎవరు పెట్టారో కనుక్కోవూ?"

మిషనక్క తల వంచుకుని యూనిఫాం కుట్లు విప్పసాగింది. "కనుక్కుంటాలే" అంది. అలా అన్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

నర్సు పైకి వెళ్ళగానే తలుపేసి తమ్ముడికి ఫోన్ చేసింది. పాత పేరు తిరిగి పెట్టించుకుంటూ, వీడియోలు ఇంకా ఆగుతున్నాయని కూడా చెప్పింది.

"ఇంతకీ రౌటరు ఎక్కడ పెట్టావు?"

"బీరువాలో."

"ఇనుప బీరువాలోనా? తాళం వేసి మరీనా? అందులోంచి పేరు కనిపించేపాటి సిగ్నల్ వస్తుందేమో గానీ, వీడియో నడిచేంత ఎలా వస్తుందక్కా! దాన్ని తీసి బల్ల మీద పెట్టు ముందు."

పెట్టింది. వీడియో గడగడా నడిచింది. ఆమె ఒళ్ళంతా సిగ్గుతో కాలిపోయింది. తన బీరువా చేసిన నేరానికి ఒక ఆడపిల్ల పరువు నలుగురిలో తీసింది తను.

మర్నాడు యూనిఫాం తీసుకోవడానికి నర్సు వచ్చింది. ముఖం తేటపడి ఉంది.

"ఆ పేరు తీసేశారక్కా! నువ్వే మందలించి ఉంటావు. ఎవరక్కా వాళ్ళు?"

"ఎవరైతే ఏంలే. బుద్ధిలేనిది. కళ్ళు నెత్తికెక్కిన మనిషి. దాని నోరు పడిపోను" అని మిషనక్క తనని తాను తిట్టుకుంటూ పోయింది.

"అంత మాట వద్దక్కా, పాపం. ఆవిడకి ఏం కష్టం వచ్చి రాసిందో."

ఆ జాలి మాట మిషనక్క తట్టుకోలేకపోయింది. "నేనే అమ్మా. అది రాసింది నేనే. తప్పు నీది కాదు, నాదే. నన్ను క్షమించు" అంది తల దించుకుని.

నర్సు మెట్టు మీద ఎందుకు కూర్చునేదో చెప్పలేదు. డ్యూటీ దిగాక మూడంతస్తులూ ఒక్క ఊపున ఎక్కలేని కాళ్ళు ఆమెవి. యూనిఫాం మడతపెట్టి సంచిలో పెట్టుకుని గుమ్మం దాకా వెళ్ళి ఆగింది.

"ఆ పేరు అందరూ చదివారక్కా. ఈ మాట నేనొక్కదాన్నే విన్నాను."

మిషనక్క మెడలోని టేపు తీసి మిషన్ మీద పెట్టింది. మెట్లు దిగి ఓనరమ్మ తలుపు తట్టింది.