ఎర్ర తివాచీ రంగు ఎందుకు దిగింది

మొన్న ఆదివారం మా అమ్మాయి తెచ్చుకున్న పిల్లికూన హాల్లో కార్పెట్ తడిపింది. సిర్కాలో, అదే వెనిగర్‌లో, చన్నీళ్ళు కలిపి, పాత తువ్వాలు పట్టుకుని మోకాళ్ళ మీద కూర్చున్నాను. తడిసిన ఉన్ని వాసన, సిర్కా పులుపు కలిసి ముక్కుకి తగలగానే చెయ్యి ఆగిపోయింది. తెలంగాణ ఉద్యమం నడుస్తున్న రోజుల్లో, దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ఇంట్లో, చెప్పి తీరవలసిన మాట ఒకటి నేను చెప్పలేదు. ఆ ఇంటి ఎర్ర తివాచీని పాడుచేసింది నేను. నింద పడింది సత్తయ్యన్న మీద. ఆ వీధిలో దాన్ని నమ్మినవాళ్ళు ఇప్పుడు ఎక్కడెక్కడ ఉన్నారో నాకు తెలియదు. ఒక్కరైనా చదువుతారేమోనని ఇది రాస్తున్నాను. ఆయన్ని ఎన్నడూ చూడనివాళ్ళకి ముందు ఆయనెలాంటి మనిషో చెప్పాలి.

కొత్తపేట పండ్ల మార్కెట్ వెనక సందులో సత్తయ్యన్నకి ఒక చిన్న షట్టరు ఉండేది. సోఫాలు, తివాచీలు శుభ్రం చేసే పని. దేవరకొండ పక్క పల్లె నుంచి కుర్రతనంలో వచ్చి, పాతబస్తీలో ఒక ముసలి ఉస్తాదు దగ్గర తివాచీలు ఉతకడం నేర్చుకున్నాడు. మా నాన్న తెనాలి వైపు నుంచి వచ్చి చంపాపేట్‌లో స్థిరపడ్డాడు. నేను ఉద్యోగ పరీక్షలు రాసి రాసి, దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్ల మెట్లు అరగదీసి, ముప్పై దగ్గర పడుతుండగా ఆయన దగ్గర పనికి చేరాను. రెండు నెలలు చేసి మానేద్దామనుకున్నాను. రెండేళ్ళు పైనే ఉన్నాను.

అపార్ట్‌మెంట్లు పెరిగేకొద్దీ వాటిలో కుక్కలూ పెరిగాయి. మాకు వచ్చే ఫోన్లలో సగం వాటి గురించే. మొదటి రోజు ఒక ఇంట్లో సత్తయ్యన్న తివాచీకి ముక్కు ఆనించి, నన్ను కూడా వంగమన్నాడు.

“నిలబడితేనే వాసన వస్తోంది కదన్నా,” అన్నాను.

“నిలవడితే ఇంటి వాసనొస్తది. వంగితే మరక వాసనొస్తది. వంగు.”

వంగాను. కంటికి కనిపిస్తున్న పసుపు మరక టీ ఒలికిందట. అసలుది దానికి మూరెడు దూరంలో, బల్ల కాలి పక్కన, పైకి ఏమీ తెలియకుండా ఉంది. దాని చుట్టూ సుద్దముక్కతో గీత గీశాడు. రోజూ ఫినాయిల్ వేస్తున్నా కుక్క అక్కడికే వస్తోందని ఇంటాయన వాపోయాడు. “ఫినాయిల్ పోస్తే కుక్కకు చిట్టీ రాసినట్టే సార్, మళ్ళ ఈడనే పొయ్యమని,” అన్నాడు సత్తయ్యన్న. ఆ ఘాటు దానికి మరో కుక్క గుర్తులా తోస్తుందని ఆయన లెక్క. మరకని రుద్దనిచ్చేవాడు కాదు. రుద్దితే లోపలికి పోతుంది, ఒత్తితే పైకి వస్తుంది. సిర్కా నీళ్ళు పోసి, ఆగి, తువ్వాలు పరిచి దాని మీద నిలబడేవాడు. తువ్వాలు మార్చేవాడు, మళ్ళీ నిలబడేవాడు. ఆ పనిలో సగం ఆగడమే. ఆ ఆగిన సమయంలో ఇంటివాళ్ళని ప్రశ్నలు అడిగేవాడు. కుక్క ఊరికే పొయ్యదనీ, ఇంట్లో ఏదో మారితేనే పోస్తుందనీ ఆయన నమ్మకం.

ఎల్‌బీ నగర్‌లో ఒక బ్యాంకు ఉద్యోగి ఇంట్లో జరిగింది మరిచిపోలేను. బుద్ధిగా ఉండే పెద్ద కుక్క, ఉన్నట్టుండి గదిలోనే పోయడం మొదలుపెట్టింది. మరక మీద చీమలు బారు కట్టి ఉన్నాయి. నేను చీపురు తీశాను. సత్తయ్యన్న నా చెయ్యి పట్టుకుని ఆపాడు. చాలాసేపు ఆ చీమల్నే చూస్తూ కూర్చుని, “నీళ్ళు బాగ తాగుతుందా సార్?” అని అడిగాడు.

“గిన్నెల కొద్దీ తాగుతోందండీ.”

“మరక నేను తీస్త. దీన్ని మాత్రం పశువుల దవాఖానకు తీస్కపోండ్రి. షుగరున్నట్టుంది.”

“కుక్కకి షుగరేంటయ్యా? మా ఇంట్లో స్వీట్లన్నీ నేనే తింటాను.”

“అయితే మీరు గూడ చూపిచ్చుకోండ్రి,” అన్నాడు సత్తయ్యన్న, నవ్వకుండా.

పది రోజులకి ఆ బ్యాంకాయన ఫోన్ చేశాడు. కుక్కకి షుగరేనట. తన మాట నిజమైందన్న గర్వం సత్తయ్యన్నలో కనిపించలేదు. మనిషికి వచ్చేదే కుక్కకీ వస్తుందన్న సంగతి ఆయన్ని వారం రోజులు ఊపేసింది. చాయ్ హోటల్లో కనిపించినవాళ్ళందరికీ చెప్పాడు.

ఆయన దగ్గర పాత బిస్కెట్ డబ్బా ఒకటి ఉండేది. ఏ తివాచీ ముట్టుకునే ముందైనా చిన్న తెల్లగుడ్డ ముక్కని సిర్కా నీళ్ళలో తడిపి, ఒక మూలన చాయ్ తాగేంతసేపు ఒత్తి ఉంచేవాడు. గుడ్డకి రంగు అంటితే ఆ పని ఒప్పుకునేవాడు కాదు. అంటకపోతే పనిలోకి దిగేవాడు. ఆ ముక్కల్ని పారేయకుండా, ఏ ఇల్లు, ఏ రంగు, దిగిందా లేదా అని పెన్సిలుతో రాసి డబ్బాలో దాచేవాడు. “బడి నాలుగో తరగతితోనే ఆగింది తమ్మీ. నా పుస్తకం ఇదే,” అనేవాడు.

అప్పుడే సకల జనుల సమ్మె వచ్చింది. బస్సులు ఆగిపోయాయి, కరెంటు గంటల తరబడి పోయేది. సత్తయ్యన్న సాయంత్రాలు ఎల్‌బీ నగర్ చౌరస్తాలో ధర్నాలకి వెళ్ళేవాడు. మా ఇద్దరి మధ్య ఆ విషయం ఎప్పుడూ హాస్యంగానే నడిచేది. “రాష్ట్రం వస్తే నన్ను పంపించేస్తారా అన్నా?” అంటే, “నిన్ను పంపితే గీ మిషిన్ ఎవడు మోస్తడు?” అనేవాడు. ఇంట్లో మాత్రం మా మేనమామలు గొంతు తగ్గించి “మన సంగతేంటి” అని మాట్లాడుకునేవారు. నేను అక్కడా తల ఊపేవాణ్ణి, ఇక్కడా నవ్వేవాణ్ణి. అది తెలివి అనుకునేవాణ్ణి.

ఆ రోజు మేము వెళ్ళింది విజయలక్ష్మి మేడం ఇంటికి. కాలేజీలో లెక్కలు చెప్పేవారు, మా వైపు వారే. కాలం చేసిన భర్త కాశ్మీరు నుంచి తెచ్చిన ఎర్ర ఉన్ని తివాచీ, మధ్యలో మీగడ రంగు పూలు. వాళ్ళ పొమేరియన్ దాని మీద పోసింది. సత్తయ్యన్న తెల్లగుడ్డ పరీక్ష చేశాడు. గుడ్డ తెల్లగానే వచ్చింది. ‘మేడం ఇల్లు, ఎర్రది, దిగలేదు’ అని రాసి జేబులో పెట్టుకున్నాడు. సిర్కా నీళ్ళు పోసి, తువ్వాలు పరిచాడు.

“చౌరస్తాల వంటా వార్పూ ఉన్నది మేడం, పోయి పొద్దూకేసరికొస్త. తమ్ముడు ఈడనే ఉంటడు,” అని ఆవిడకి చెప్పి, నా వైపు తిరిగాడు. “తువ్వాలు మార్చుకుంట కూసో. ఏం కలపకు.”

మధ్యాహ్నం మేడం లోపల నిద్రపోయారు. కరెంటు లేదు, ఫ్యాను లేదు. ఆయన ఉద్యమమంటూ రోడ్డు మీద వంటకి పోతే నేనిక్కడ తడి తువ్వాలుకి కాపలా కాయడమేమిటని ఉక్రోషం వచ్చింది. సంచిలో బట్టల సోడా పొట్లం ఉంది. నూలు జంపఖానాల మీద అది మరకని క్షణంలో లేపడం చూశాను. కుళాయి తిప్పితే మేడ మీది ట్యాంకు నీళ్ళు కాచినట్టే వచ్చాయి. ఒక మగ్గులో సోడా కలిపి పోశాను. మరక పోయింది. ఎంత సంతోషపడ్డానో. కాసేపటికి ఎరుపు కదిలింది. మీగడ రంగు పూలలోకి పాకి, ఒక్కొక్క రేకూ గులాబీ రంగుకి తిరుగుతుంటే చూస్తూ కూర్చున్నాను. తరవాత మగ్గు కడిగాను. పొట్లం సంచి అడుక్కి తోశాను. తివాచీ మీద తువ్వాలు కప్పాను.

సాయంత్రం ఆయన వచ్చి తువ్వాలు ఎత్తాడు. తిట్టలేదు. “ఏమన్న కలిపినవా?” అని మాత్రం అడిగాడు.

“లేదన్నా. మీరు చెప్పినట్టే చేశాను.”

వెంటనే నమ్మాడు. చీకటి పడేదాకా మోకాళ్ళ మీద ఉండి, సిర్కాతో ఆ రంగు లాగడానికి ప్రయత్నించాడు. చివరికి లేచి, “రంగు దిగింది మేడం. ఎందుకు దిగిందో నాకు తెలుస్తలేదు,” అన్నాడు. నిజాయితీగా అన్న ఆ మాట ఆవిడకి తప్పించుకునే మాటలా వినిపించింది.

మర్నాడు అక్కడే ఉండిపోయిన సోఫాలు కడిగే మిషిన్ తెచ్చుకోవడానికి నేనొక్కణ్ణే వెళ్ళాను. మేడం కాఫీ ఇచ్చారు. తివాచీ గోడవారగా చుట్టి ఉంది.

“ప్రసాద్, నువ్వు మనవాడివి. దాచకుండా చెప్పు. అంత అనుభవం ఉన్న మనిషి చేతిలో రంగెలా దిగుతుంది? పని మధ్యలో వదిలేసి అటే వెళ్ళాడాయె. మనమంటే పడక కావాలనే చేశాడా?”

కాదని ఒక్క మాట చాలు. ఆ మాట అంటే తరవాతి ప్రశ్న నా మీదికే వస్తుంది. కాఫీ గ్లాసు కింద పెట్టి, “ఏమోనండీ,” అన్నాను.

ఆ ‘ఏమోనండీ’ వారం తిరక్కుండా ఆ వీధంతా చుట్టివచ్చింది. సత్తయ్య ఆంధ్రావాళ్ళ ఇళ్ళలో సామాన్లు కావాలని పాడుచేస్తున్నాడని అనుకున్నారు. ఫోన్లు తగ్గాయి. ఆ మాట ఆయన చెవినా పడింది. “కోపంల ఏదో అన్నది పాపం. మొగని గుర్తాయె,” అని ఊరుకున్నాడు. ఆయన్ని తొలిచింది వేరే. గుడ్డ తెల్లగా వచ్చిన తివాచీకి రంగెందుకు దిగింది?

ఎర్ర ఉన్ని ముక్కలు ఎక్కడెక్కడి నుంచో సంపాదించాడు. సిర్కా ఎక్కువ చేసి చూశాడు, తక్కువ చేసి చూశాడు. మూత్రంలోనే ఏదో ఉందని అనుమానం వచ్చి, పొద్దున్నే మగ్గు పట్టుకుని వీధికుక్కల వెనక తిరిగాడు. చాయ్ హోటల్ వాళ్ళు “సత్తయ్యా, వాటిని గూడ సమ్మెల దించుతున్నవా?” అని ఆట పట్టించారు. ఆ ముక్కలన్నీ పగలు షట్టరు ముందు, రాత్రి ఆయన ఇంట్లో తీగకి ఆరుతూ ఉండేవి. ఒక్కదానికీ రంగు దిగలేదు. సోడా మాత్రం వేసి చూడలేదు. వేయలేదని నేను చెప్పాను కదా. తలుపులన్నీ తట్టే మనిషికి అసలు తలుపుకి అడ్డంగా నేనే నిలబడ్డాను. రోజూ ఆయనతో పాటు ఆ ముక్కలు తడిపాను, ఆరేశాను. నోరు మాత్రం విప్పలేదు.

మూడు నెలలకి ఒక రోజు బిస్కెట్ డబ్బా మూత పెట్టి, “నా గుడ్డ మీద నాకే నమ్మకం పోయింది తమ్మీ. ఎరుక లేకుండ చేస్తే ఇంకో ఇంట్ల ఖరాబైతది,” అన్నాడు. ఉన్ని తివాచీలు ముట్టుకోవడం మానేశాడు. సోఫాలు, నీళ్ళ ట్యాంకులు కడిగే పనికి మళ్ళాడు. ఇరవై ఏళ్ళకి పైగా పోగుచేసుకున్న ఎరుకని, నా అబద్ధం ఒక్కటి అబద్ధం చేసింది. ఆ ఏడాది చివర నేను పని మానేసి, ఒక ఆఫీసులో హౌస్‌కీపింగ్‌లో చేరాను. ఇప్పుడు సూపర్‌వైజర్ని. కొత్తగా చేరిన ప్రతి ఒక్కరికీ వంగి వాసన చూడడం, ముందు తెల్లగుడ్డ ఒత్తడం నేర్పుతాను. ఎవరు నేర్పారని అడిగితే సత్తయ్యన్న పేరు చెబుతాను. మిగతాది చెప్పను.

మొన్నటి ఆదివారం ఆ తువ్వాలు అక్కడే వదిలేసి బండి తీశాను. ముందు దిల్‌సుఖ్‌నగర్ వెళ్ళాను. మేడం ఆ ఫ్లాటు అమ్మి ఎప్పుడో వెళ్ళిపోయారట, ఎక్కడికో ఎవరూ చెప్పలేకపోయారు. సత్తయ్యన్న మీర్‌పేట్‌లో ఉంటున్నాడని కొత్తపేటలో తెలిసింది. వెళ్ళేసరికి వాకిట్లో కుర్చీ వేసుకుని చిక్కుడుకాయలు ఒలుస్తున్నాడు. జుట్టంతా నెరిసింది. గుర్తుపట్టి, “ఏంది తమ్మీ, తొవ్వ తప్పినవా?” అని నవ్వాడు. నేను కూర్చోకుండానే చెప్పేశాను.

“అన్నా, ఆ ఎర్ర తివాచీకి నేను బట్టల సోడా పోశాను. మీరడిగితే లేదన్నాను.”

ఆయన చేతిలో కాయ ఆగింది. కోప్పడతాడని చూశాను.

“ఎంత పోసినవ్?”

“గుప్పెడు.”

“నీళ్ళు సల్లయా, ఉడుకుయా?”

“ట్యాంకు నీళ్ళు. మధ్యాహ్నం.”

“ఉడుకు నీళ్ళల్ల సోడా,” అని తొడ మీద చరుచుకున్నాడు. “ఉన్నికి సోడా పడది. అంటే నా గుడ్డ తప్పు చెప్పలే.” లోపలికి తిరిగి భార్యని పిలిచాడు. “ఇన్నవా? సోడా పోసిండట. గందుకే దిగింది.” ఆవిడ గుమ్మంలోకి వచ్చి నన్ను ఎగాదిగా చూసి, “గీ ముక్క అప్పుడే చెప్తే నా ఇల్లంత కుక్క ఉచ్చ కంపు కొట్టకపోవు,” అంది. సత్తయ్యన్న పగలబడి నవ్వాడు. కళ్ళు తుడుచుకుని, “మంచిగ చెప్పినవ్ తమ్మీ, కూసో, చాయ్ తాగు,” అన్నాడు.

అక్కడితో ఆగిపోవచ్చు. ఆయన కోరుకున్న జవాబు దొరికింది. నేను చాయ్ తాగి, తేలికపడి ఇంటికి పోవచ్చు.

“ఇంకొకటుంది అన్నా. మీరు కావాలనే చేశారా అని మేడం నన్ను అడిగారు.”

నవ్వు తగ్గింది. “నిన్ను అడిగిందా?”

“అడిగారు.”

“నువ్వేమన్నవ్?”

“ఏమోనండీ అన్నాను.”

ఆయన ఇంకో చిక్కుడుకాయ తీసి ఒలిచాడు. తలెత్తకుండా అన్నాడు. “సోడా పోసుడు పనిల తప్పు. ఎవలైనా చేస్తరు. గిది పనిల తప్పు కాదు తమ్మీ.”

“కాదన్నా.”

ఆ రోజులే అలాంటివనీ, అందరూ భయంలో ఉన్నారనీ దారి పొడుగునా అనుకుంటూ వచ్చిన మాటలు నోటిదాకా వచ్చాయి. వాటిని మింగేశాను.

“మీరు కావాలని చేయలేదని నాకు తెలుసు. ఆ ఇంట్లో అది తెలిసింది నాకొక్కడికే. తెలిసి మీ పేరు చెడనిచ్చాను. తప్పు నాది అన్నా. నన్ను క్షమించండి.”