పుట్టినరోజు ఆట

ఆదివారం పొద్దున చాయ్ పెట్టుకుంటుంటే బడి వాట్సాప్ గ్రూపుల హెడ్ మేడం మెసేజ్ వచ్చింది. మా డ్రిల్ మేడం ఇక లేదని. పొయ్యి మీది పాలు పొంగి, మాడిన వాసన వచ్చేదాకా అట్లనే నిలబడ్డ. చానా రోజుల సంది మంచంల ఉన్న మనిషే, తెలియంది ఏం కాదు. అయినా మనసు ఒప్పుకోలేదు, ఇప్పటికీ ఒప్పుకుంటలేదు.

తార్నాక గల్లీల ఒక చిన్న ప్రైమరీ బడి మాది. ఐదో తరగతి దాకా ఉంటది. నేను మూడో తరగతి టీచర్ని. కిరాయి బిల్డింగు, కింద పైన గదులే తప్ప పిల్లలు ఉరికేటంత జాగ లేదు. అటువంటి బడికి డ్రిల్ టీచరుగ వచ్చింది ఆమె. పిల్లలకు డ్రిల్ మేడం, మాకు అక్క. మౌలాలి నుంచి బస్సుల వచ్చేది. వచ్చిన కొత్తలనే హెడ్ మేడంను అడిగింది, "గ్రౌండ్ లేనికాడ డ్రిల్ ఏడ చెప్పాలె మేడం? మెట్ల మీదనా?" అని. అడిగి ఊకోలేదు. రోడ్డు అవతల యూనివర్సిటీ క్యాంపస్ ఉన్నది గదా అని పోయి, ఎవరెవర్నో పట్టుకొని, గేటు లోపల చెట్ల కింద పొద్దున ఒక పీరియడ్ ఆడుకునేతందుకు ఒప్పించుకొచ్చింది.

ఆ దిక్కు పొద్దున పోయేటోళ్ళయితే మీరు చూసే ఉంటరు. లైన్ల చిన్న పిల్లలు, ముందల మెడల విజిల్ వేసుకొని ఒక లావుపాటి ఆమె. క్యాంపస్‌ల పోలీసు ఉద్యోగాల కోసం పరుగు ప్రాక్టీసు చేసే పోరగాండ్లను కేకేసి రోడ్డు ఆపించేది. "తమ్మీ, ఎట్లయినా పోలీసువే అయితవు గదా, ట్రాఫిక్ ఆపుడు ఇప్పటి సంది నేర్చుకో" అనేది. వాళ్ళు నవ్వుకుంట వచ్చి, రోడ్డు మధ్యల చేతులు చాపి నిలబడేటోళ్ళు.

ఆరోగ్యం మీద అక్క ఎన్నడు లెక్చర్ ఇయ్యలేదు. "ముందు ఉరికించుండ్రి, ఆకలైతది. ఆకలైతే కూర గూడ తింటరు. నాకొచ్చిన పాఠం గింతే" అనేది. ఒక్కసారి మాత్రం పిల్లల డైరీలల్ల రాయించింది, బడికి చిప్స్ ప్యాకెట్లు పంపొద్దని. తెల్లారి చూస్తే సగం మంది టిఫిన్ డబ్బలల్ల చిప్సే! నా క్లాసు పిల్లగాని తల్లిని పిలిచి అడిగితే ఆమె ఎంత సంబరంగ చెప్పింది! "ప్యాకెట్ వద్దన్నరు గదా మేడం, అందుకే నేనే దగ్గరుండి స్టీలు డబ్బల పోసి పంపిన." నాకు కోపమొచ్చింది. అక్క కడుపు పట్టుకొని నవ్వింది. "ఆమె తప్పేంది? మనం రాసిందే గట్లున్నది" అన్నది.

మళ్ళ డైరీల రాయించలేదు. అన్నాల గంటకు అందరు ఒక్కసారే మూతలు తీసుడు, పక్కోళ్ళకు ఒక బుక్క పెట్టుడు, వాళ్ళది ఒక బుక్క తినుడు మొదలుపెట్టించింది. ఇంట్ల బీరకాయ పేరెత్తితే ఏడ్చే పిల్ల, దోస్తు డబ్బలది చప్పుడు చేయకుంట తిన్నది. చిప్స్ తెచ్చినోని డబ్బ నిమిషంల ఖాళీ. వాడే ఇంటికి పోయి "నాకు ఆకలైతున్నది, రేపు అన్నం కూర పెట్టు" అని తల్లితోని కొట్లాడిండట.

అక్కకు షుగర్ ఉండె. మా బడికి రాకముందు సందే ఉండె. వ్యవసాయం ఇంట్ల పుట్టి, జొన్నరొట్టె తిని పెరిగి, పట్నం వచ్చి ఏండ్లకేండ్లు కుర్చీల కూసునే నౌకరి చేసి తెచ్చుకున్న అని చెప్పేది. "నాకు షుగర్ వచ్చినంక తెలివొచ్చింది. ఈ పిల్లలకు తెలివే ముందు రావాలె" అనేది. సావుకాడ ఒకామె "అందరికీ ఆరోగ్యం చెప్పేటామెకే గిట్లయ్యె" అని గుసగుసలు పెడితే నా ఒళ్ళు మండింది. అంత్యక్రియలకాడ లొల్లి ఎందుకని నోరు మూసుకున్న. గీడ చెప్తున్న. తను పడ్డ బాధ ఈ పిల్లలు పడొద్దనే ఆమె అంత తండ్లాడింది.

పుట్టినరోజులకు చాక్లెట్లు పంచుడు గూడ అక్కనే మాన్పించింది. దాని బదులు పుట్టినరోజు ఆట పెట్టింది. ఆ రోజు ఎవరి పుట్టినరోజైతే వాళ్ళు అడిగిన ఆట అందరు ఆడాలె, టీచర్లు గూడ. చీర కుచ్చిళ్ళు దోపుకొని నేను కబడ్డీ ఆడిన అంటే నమ్ముతరా? హెడ్ మేడం మాత్రం మోకాళ్ళ నొప్పులని ఎన్నడు రాలేదు. ఆడపిల్లలు ఎక్కువ తొక్కుడు బిళ్ళ అడిగేటోళ్ళు. అందుల గడులన్నీ దాటి గెలిస్తే ఒక గడిల ఇంటూ గుర్తు పెట్టుకోవచ్చు, అది మన ఇల్లు అయితది. వేరేటోళ్ళు దాంట్ల కాలు పెట్టొద్దు, మీదికెళ్ళి దుంకాలె. అక్క ఒక్క ఇల్లు గూడ గెలువలేదు. కావాలనే గీత తొక్కుతదని నా అనుమానం. "నాకు ఇల్లు రాసిపెట్టి లేదు పో!" అని నెత్తి కొట్టుకుంటే పిల్లలు పడి పడి నవ్వేటోళ్ళు.

అక్క మంచాన పడ్డంక డ్రిల్ పీరియడ్ ఖాళీ అయింది. ఉరికేదాని కన్న లెక్కలు నేర్పిస్తే నయమని కొందరు తల్లిదండ్రులు పట్టుబట్టిన్రు. ఆ పీరియడ్ అబాకస్ క్లాసుకు ఇచ్చేద్దామని హెడ్ మేడం గూడ అనుకున్నరు. ఆఖరిసారి నేను మౌలాలి పోయి చూసినప్పుడు అక్క తన నొప్పుల ముచ్చటే తీయలేదు.

"డ్రిల్ పీరియడ్ ఉన్నదా, తీసేసిన్రా?" అని అడిగింది.

"వచ్చే సోమవారం సంది అబాకస్ అంటున్నరక్కా."

 అక్క నా చెయ్యి పట్టుకొని, "నువ్వు ఊకోకు" అన్నది. ఆమె నోటి నుంచి నేను విన్న ఆఖరి మాట అదే.

ఆ ఆదివారమే పోయింది. సోమవారం ప్రేయర్‌ల అందరం తలొంచుకొని మౌనంగ నిలబడ్డం.  కొత్తగ వచ్చిన అబాకస్ సారు సంచి పట్టుకొని మెట్లకాడ నిలబడ్డడు. అప్పుడు నా క్లాసు పిల్ల ఒకతి, కొత్త ఎర్ర గౌను వేసుకున్నది, వచ్చి నా కొంగు గుంజింది.

"మేడం, ఇయాల నా బర్త్‌డే. ఆట ఉంటదా, ఉండదా?"

అంత నిశ్శబ్దంల అడిగింది, అందరికీ వినవడ్డది. నాకు అక్క చెయ్యి యాదికొచ్చింది.

"ఉంటది బిడ్డా" అన్న. హెడ్ మేడం దిక్కు తిరిగి, "మీరు గూడ రావాలె మేడం. ఇయాలన్నా రావాలె" అన్న.  

ఆమె ఆ ఎర్ర గౌను దిక్కు చూసిన్రు, తర్వాత అబాకస్ సారు దిక్కు చూసిన్రు. "సార్, మీరు సాయంత్రం బడి అయినంక చెప్పుకోండి. పొద్దున వీళ్ళు ఆడుకుంటరు" అన్నరు.

రోడ్డుకాడ పరుగు పోరగాండ్లు "డ్రిల్ మేడం ఏది?" అని అడిగిన్రు. చెప్పిన. వాళ్ళే పోయి రోడ్డు మధ్యల చేతులు చాపి నిలబడ్డరు.

ఎర్ర గౌను పిల్ల తొక్కుడు బిళ్ళ అన్నది. పుల్లతోని మట్టిల గడులు గీసింది. ఎవ్వరు బిళ్ళ ఎయ్యకముందే పై గడిల ఇంటూ పెట్టింది. "గిది డ్రిల్ మేడం ఇల్లు. ఎవ్వరు తొక్కొద్దు" అన్నది. పిల్లలందరు దుంకిన్రు, నేను దుంకిన. ఆఖరికి హెడ్ మేడం చెప్పులు విడిచి, చీర ఎత్తి పట్టుకొని, కుంటుకుంట ఆ గడి దాకా వచ్చి ఆగిన్రు. మోకాలు ఒకసారి రుద్దుకున్నరు. ఊపిరి బిగవట్టి దుంకిన్రు.

వాన పడ్డప్పుడల్లా ఆ గీతలు చెరిగిపోతయి. మర్నాడు పిల్లలు మళ్ళ గీస్తరు. ముందుగాల అక్క గడి గీసి, దాంట్ల ఇంటూ పెట్టి, ఆ తర్వాతనే మిగిలిన గడులు గీస్తరు.